వైరస్‌ను తట్టుకునే టమాట వేసినా మొవ్వు ఎందుకు ఎండుతోంది?

సందేహం: రెండెకరాల్లో టమాట నాటి 35 రోజులైంది. మార్కర్ పద్ధతిలో తయారైన వైరస్ నిరోధక రకమని చెప్పి విత్తనం ఇచ్చారు. ఆకులు ముడుచుకోలేదు గానీ చిగుళ్లు కంచు రంగుకు తిరిగి, నల్లబడి, మొవ్వు ఎండిపోతోంది. పక్కనే వేరుశనగ చేను ఉంది. విత్తనం నకిలీదా? – ఒక రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

సలహా: ఈ లక్షణాలను బట్టి విత్తనం నకిలీదని చెప్పలేం. మీ రకానికి ఉన్నది తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్‌ను తట్టుకునే గుణం. మీ తోటలో కనిపిస్తున్నది మాత్రం తామర పురుగులు తెచ్చే మొవ్వుకుళ్లు అనే మరో వైరస్ తెగులు. వేరుశనగకు వచ్చే ఆ వైరసే టమాటకూ వస్తుంది. ప్యాకెట్ మీద ‘వైరస్ నిరోధకం’ అని మాత్రమే రాస్తే చాలదు, ఏ వైరస్‌కో కూడా రాయాలి. మీరు గట్టిగా అడగండి.

మార్కర్ అంటే చాలామంది జన్యుమార్పిడి అనుకుని భయపడతారు. అది కాదు. ఆకుముడతను తట్టుకునే టీవై-1, టీవై-2 జన్యువులు అడవి టమాటల్లో దొరికాయి. వాటిని మామూలు సంకరణంతోనే సాగు రకాల్లోకి తెచ్చారు. అలా సంకరపరిస్తే జన్యువుతో పాటు చిన్న కాయ, తక్కువ దిగుబడి లాంటి పనికిరాని గుణాలూ వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి మంచి రకంతో మళ్లీ మళ్లీ, తరాల తరబడి సంకరపరచాలి. ప్రతి తరంలో వందల మొక్కల్లో ఆ జన్యువు దేనికి వచ్చిందో తెల్లదోమను వదిలి, తెగులు వచ్చేదాకా చూడాలంటే ఎంత కాలం పడుతుంది! మార్కర్ అనేది పశువు చెవికి వేసే ట్యాగ్ లాంటిది. జన్యువు పక్కనే ఉండే డీఎన్ఏ గుర్తు అది. నారు దశలోనే చిన్న ఆకు ముక్కను పరీక్షించి, జన్యువున్న మొక్కలనే ఉంచుకుంటారు.

మరి మొవ్వుకుళ్లుకు అలాంటి విత్తనం లేదా అంటారేమో. ఎస్‌డబ్ల్యూ-5 అనే జన్యువు ఉంది. అది అమెరికా వైపు ఉండే ఇదే కుటుంబం వైరస్‌లను అడ్డుకుంటుంది, మన దగ్గరి మొవ్వుకుళ్లును కాదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) విడుదల చేసిన అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగుళ్లను తట్టుకునే మంచి హైబ్రిడ్. మొవ్వుకుళ్లు ఆ జాబితాలోనూ లేదు.

ఇప్పుడు తోటను కాపాడుకోవాలి. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగు చేయదు. దాని మీద ఖర్చు పెట్టకండి, పీకి దూరంగా పూడ్చేయండి. ఈ వయసులో ఆలస్యం చేస్తే పక్క మొక్కలకు పాకుతుంది. ముదిరాక సోకితే కాయల మీద వలయాలు పడి, మండీలో ఎవరూ కొనరు. తామర పురుగులకు నీలి రంగు జిగురు అట్టలు కట్టి, వాటి మీద పురుగులు పడుతుంటే లీటరు నీటికి 1.8 మి.లీ. సయాంట్రానిలిప్రోల్ కలిపి పిచికారీ చేయండి. మళ్లీ కొట్టాల్సి వస్తే మందు మార్చండి. గట్ల మీద కలుపు ఉంచొద్దు.

వచ్చే పంటకు వలల కింద పెంచిన నారే తీసుకోండి. నాటడానికి రెండు వారాల ముందే పొలం చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్న ఒత్తుగా వేయండి. కోతకొచ్చిన వేరుశనగ పక్కన లేత టమాట మాత్రం నాటకండి. ఆ చేను ఎండుముఖం పట్టగానే తామర పురుగులు మీ తోటలోకే వస్తాయి.