ప్రశ్న–జవాబు: గాయపడిన సిపాయికి ఏమిచ్చేవారు?

ప్రశ్న: మా పూర్వీకుల్లో ఒకాయనకు 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో కాలు పోతే, కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్లు పింఛను కింద భూమి ఇచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మా దగ్గరున్న పాత ఇనాం పట్టాలో మాత్రం ‘కట్టుబడి’ అని ఉంది. రెండూ ఒకటేనా?
– పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: ఒకటి కాదు. కట్టుబడి అంటే పాళెగాని (ఆ సీమ చిన్న దొర) దగ్గరో ఊరి కావలికో బంటుగా పనిచేసేవాళ్లకు వదిలిన మాన్యం (ఇనాం భూమి). పని చేస్తున్నన్నాళ్లే భూమి. కాలు పోయి పనికి రాలేనివాడికి ఆ పేరుతో భూమి ఇవ్వడం పొసగదు. యుద్ధంలో ప్రాణం పోయినవాడి ఇంటివాళ్లకు ఇచ్చేది నెత్తురు మాన్యం. మనకు ఆనుకొని ఉన్న కన్నడ సీమ శాసనాల్లో దాన్ని నెత్తర కొడగి అంటారు.

తేదీలు కూడా చూడండి. 1792 సంధితో కడప, గండికోట సీమలు టిప్పు చేతి నుంచి నిజాముకు పోయాయి. కుంపిణీకి వచ్చింది 1800లో. కాబట్టి 1799లో మీ ఊళ్లో భూమి ఇచ్చే హక్కు కుంపిణీకి లేదు. శ్రీరంగపట్నం మీదికి నిజాం సేన కూడా వెళ్లింది గనుక, మీ పెద్దాయన ఆ సేనలో ఉన్నాడేమో ఆలోచించండి.

తేల్చుకోవాలంటే పట్టా మీది టైటిల్ డీడ్ నంబరు, ఊరి పేరు రాసుకుని, కలెక్టరేటు రికార్డు రూములో ఇనాం ఫెయిర్ రిజిస్టరు (ఇనాం భూములను విచారించి రాసిన పుస్తకం) నకలు అడగండి. మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అనే గడులు ముఖ్యం. ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే 590 కలపండి: ఫసలీ 1270 అంటే 1860–61. ఒక్క జాగ్రత్త. ఈ రిజిస్టరు రాసిన మద్రాసు ఇనాం కమిషన్ పని మొదలైంది 1858లో. అరవై ఏళ్ల కిందటి సంగతి అనుభవదారు నోటి మాటగానే అందులోకి ఎక్కి ఉండొచ్చు. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ప్రశ్న: ఆ రోజుల్లో ఇంగ్లీషు సైనికులకు గాయాల పింఛను ఎలా నిర్ణయించేవారు?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఇంగ్లండు రాజు సైన్యానికి ఒక దారి, కుంపిణీ సైన్యానికి ఇంకో దారి.

రాజు సైనికుడు లండన్‌లోని చెల్సీ ఆసుపత్రి బోర్డు ముందు నిలబడాలి. చేతిలో డిశ్చార్జి కాగితం, అందులో ఎక్కడ ఏ గాయమో రాసి ఉండాలి. ఆసుపత్రిలో చోటు కొద్దిమందికే. మిగతా వాళ్లు బయటి పింఛనుదార్లు. మామూలు సైనికుడికి రోజుకు 5 పెన్నీలు, అంటే ఏడాదికి 7 పౌండ్ల 12 షిల్లింగుల 1 పెన్నీ. చిక్కు వచ్చింది ఆ మొత్తంలో కాదు, చెల్లింపులో. డబ్బు ఏడాది ఆలస్యంగా చేతికొచ్చేది. అంతదాకా తిండికి అప్పు చేయక తప్పదు, వడ్డీవ్యాపారి పింఛనునే రాయించుకునేవాడు. 1754 చట్టం వచ్చాక ఆరు నెలల పింఛను ముందుగానే ఇచ్చారు, తాకట్టు రాతలు చెల్లకుండా చేశారు. ఆ శతాబ్దంలో పింఛనుదారుకు జరిగిన అసలు మేలు ఇదేననిపిస్తుంది.

కుంపిణీ తెల్ల సైనికులకు క్లైవ్ నిధి ఉండేది. బెంగాల్ నవాబు మీర్ జాఫర్ రాబర్ట్ క్లైవ్‌కు వదిలిపోయిన 5 లక్షల రూపాయలతో 1770లో ఏర్పడింది. మామూలు సైనికుడికి రోజుకు నాలుగు ముప్పావు పెన్నీలు. ఫిరంగి దళం గన్నరుకు 6, అవయవం పోతే 9. అధికారులైతే తమకు పరిమితికి మించిన ఆస్తి లేదని ప్రమాణం చేయాలి.

మన సిపాయి పేరు ఈ పట్టీల్లో వెతక్కండి. దండుతో నడవలేనివాణ్ని కోట కాపలాకు ఇన్వాలిడ్ (అశక్తుల) దళంలో వేసేవారు. బెంగాల్ సైన్యంలోనైతే ఇప్పటి బీహారులోని భాగల్పూరు చుట్టుపక్కల భూములిచ్చి కాపురం పెట్టించారు. మద్రాసు సైన్యం సంగతులకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో మిలిటరీ శాఖ కన్సల్టేషన్లు (చర్చలు, నిర్ణయాల రికార్డులు) తిరగేయాలి. తెల్లవాడికి పేరూ ఊరూ రాస్తారు, సిపాయిని చాలాచోట్ల తలల లెక్కలోనే కలిపేస్తారు.

ప్రశ్న: ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చిన పింఛను కూడా ఇలాంటిదేనా?
– పాఠకుడు, కోయిలకుంట్ల

జవాబు: కాదు. అది తవర్జీ. పాళెం లాక్కున్నందుకు ఆ కుటుంబానికి కట్టిన నెలసరి భత్యం. గాయంతో పని లేదు. ఆయన వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన వెంట నడిచినవాళ్లలో మాన్యాలు పోయిన కట్టుబడి బంట్లు ఉన్నారు. మొదటి ప్రశ్న అడిగినవారి పట్టాలోని మాట అదే.