నైట్రేట్ అయాన్ లూయిస్ చిత్రంలో ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలిపోతుంటే

లూయిస్ చిత్రమంటే అణువుల బయటి కక్ష్య ఎలక్ట్రాన్లనూ బాండ్లనూ చూపే బొమ్మ. అందులో మీరు అయాన్ మీదున్న మైనస్‌ను లెక్కలో వేసుకోలేదు. అందుకే 23 దగ్గర ఆగిపోయి, ఒక ఎలక్ట్రాన్‌కు జంట దొరకడం లేదు.

1. బయటి కక్ష్య ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌వి 5, మూడు ఆక్సిజన్లవి 18. మొత్తం 23. ఇక్కడిదాకా మీది కరెక్టే.

2. చాలామంది జారేది ఇక్కడే. బ్రాకెట్ బయట మైనస్ ఉందంటే బయటినుంచి ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరిందని అర్థం. సోడియం నైట్రేట్‌లో అయితే అది సోడియం ఇచ్చిందే. కలపండి: 24. అమ్మోనియం లాంటి ప్లస్ అయాన్‌కు ఒకటి తీసేయాలి: 5 + 4 − 1 = 8.

3. నైట్రోజన్‌ను మధ్యలో పెట్టి మూడు సింగిల్ బాండ్లు గీయండి. 6 అయిపోయాయి. మిగతా 18 ఎలక్ట్రాన్లను ఆక్సిజన్లకు ఆరేసి చొప్పున పంచండి.

4. నైట్రోజన్ చుట్టూ 8 కావాలి, ఇంకా 6 మాత్రమే ఉన్నాయి కదా, ఏదో ఒక ఆక్సిజన్ లోన్ పెయిర్‌ను (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ జంటను) బాండ్‌గా మార్చండి. రెండు మార్చారో, నైట్రోజన్ 8 దాటేస్తుంది. రెండో పీరియడ్ మూలకానికి అది కుదరదు.

ఏ ఆక్సిజన్‌కు డబుల్ బాండ్ ఇవ్వాలా అని టెన్షన్ వద్దు. కొలిస్తే మూడు బాండ్ల పొడవూ ఒకటే. పరీక్షలో మూడు చిత్రాలూ గీసి, మధ్యలో రెండు మొనల బాణం పెట్టండి.

సరిచూసుకోవడానికి ఫార్మల్ చార్జ్‌లు (బాండ్ ఎలక్ట్రాన్లను చెరిసగం పంచి లెక్కేసే చార్జ్‌లు): నైట్రోజన్ +1, సింగిల్ బాండ్ ఆక్సిజన్లు చెరో −1, డబుల్ బాండ్‌ది 0. కూడితే −1 రావాలి.