సరుగుడు తోటలో పేరుకున్న రాలును కాల్చవచ్చా?

ప్రశ్న: హోసకోటె దగ్గర మాకు ఎకరంన్నర సరుగుడు తోట ఉంది. చెట్ల కింద సూదుల్లాంటి రాలు (రాలిపడిన ఎండు పుల్లలు) బెత్తెడు మందాన పేరుకొని గడ్డి కూడా మొలవడం లేదు. ఉత్తరాఖండ్‌లో పైన్ ఆకుల వల్ల అడవులు తగలబడుతున్నాయని టీవీలో చూశాను. వేసవికి ముందే దీన్ని కాల్చేయాలా? పక్కనున్న రాగి చేను నేల పాడవుతుందా?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: కాల్చవద్దు, అలాగని మొత్తం ఊడ్చి పారేయనూ వద్దు. మీరు టీవీలో చూసినవి చీర్ పైన్ అడవులు. హిమాలయాల దిగువ వాలుల్లో సుమారు 500 నుంచి 2,000 మీటర్ల ఎత్తు వరకు పెరిగే ఈ చెట్టు సూదులు ఎక్కువగా ఏప్రిల్, జూన్ మధ్య, అంటే నేలా గాలీ బాగా ఎండి ఉన్న రోజుల్లోనే రాలుతాయి. వాటిలో రెజిన్ (జిగురు), లిగ్నిన్ (కలపకు గట్టిదనమిచ్చే పదార్థం) ఎక్కువగా, నత్రజని తక్కువగా ఉండడం వల్ల సూక్ష్మజీవులు త్వరగా కుళ్లబెట్టలేవు. ఒక ఏడాది రాలు పూర్తిగా కుళ్లకముందే దానిపై మరో పొర పడుతుంది. మధ్య మధ్య గాలి ఆడేలా పరుచుకున్న ఆ పొరకు నిప్పు తగిలితే మంట వాలు వెంట పైకి పాకుతుంది. ఆ నిప్పు కూడా చాలావరకు మనుషుల చేతిదే.

మీ తోట సంగతి కొంత వేరు. సరుగుడు నుంచి రాలేవి నిజానికి ఆకులు కావు, సన్నని రెమ్మలు. కణుపు దగ్గర విరిచి చూస్తే చుట్టూ పళ్లలా కనిపించే పొలుసులే దాని ఆకులు. వేరు బుడిపెల్లోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది కనుక ఈ రాలు పైన్ సూదుల కన్నా సారవంతం. మండడంలో మాత్రం తీసిపోదు. జనవరి నాటికే తోట చుట్టూ, ముఖ్యంగా బాట వైపు, మూడు మీటర్ల మేర నేల కనిపించేలా శుభ్రం చేయండి.

తోట లోపల పొరను చేత్తో ఎత్తి చూడండి. పైన గోధుమరంగు ఎండు పుల్లలు, వాటి కింద తెల్లని బూజు దారాలతో అతుక్కున్న ముక్కలు, అడుగున తడిగా నల్లటి పొడి కనిపిస్తాయి. పై పొరను మాత్రమే పంటి దంతితో లాగి తీసుకోండి. మిగతాది తేమను నిలిపి, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. గడ్డి మొలవకపోవడానికి ఈ పొరతో పాటు నీడ, వేళ్ల నీటి పోటీ కూడా కారణమే.

తీసిన రాలును పచ్చిగా రాగి చేనులో కలిపి దున్నవద్దు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా వాడుకోవడంతో పైరు పసుపు బారుతుంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో రైతులు పైన్ సూదులను పశువుల కింద పరిచి, మూత్రం, పేడతో తడిశాక ఎరువుకు వేస్తారు. మీ కొట్టంలోనూ అలాగే చేసి, తర్వాత పేడ నీళ్లు చల్లి, పిండితే చెయ్యి తడిసేంత తేమతో కుప్ప వేసి, నెలకోసారి తిరగేయండి. పుల్ల వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడ్డాకే చేనుకు తోలండి.

రాలు వల్ల చేను నేల పుల్లబడుతుందన్న భయం అక్కర్లేదు. బెంగళూరు చుట్టుపక్కల ఎర్ర నేలలు చాలాచోట్ల సహజంగానే కొంత ఆమ్ల గుణం కలవి. భూసార పరీక్షలో ఉదజని సూచిక (pH, నేల ఆమ్ల గుణాన్ని తెలిపే అంకె) 5.5 కన్నా తక్కువ వస్తేనే, నివేదికలో సూచించిన మోతాదులో వ్యవసాయ సున్నం వేయండి.