పోర్ట్ లూయిస్ చేరిన మేనకోడలికి

అమ్మాయ్,

మారిషస్ చేరామని నీ మెసేజ్ చూశాక మీ అత్తయ్యకీ నాకూ ప్రాణం కుదుటపడింది. హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల నుంచి రోడ్రిగ్స్ దీవి దాకా తెరచాప పడవలో ఆ రెండువేల మైళ్లు మామూలువి కావు. వెనక నుంచి ఆగ్నేయపు గాలి తోస్తుంటే, దక్షిణం నుంచి వచ్చే పెద్ద అల పక్కన కొడుతుంది. పడవా నలుగుతుంది, మనిషీ నలుగుతాడు. వారంలో పక్క దీవి రీయూనియన్‌కి బయల్దేరతామని రాశావు. ఆ తేదీ ఇప్పుడే పెట్టుకోవద్దు తల్లీ. తేదీ పెట్టుకున్నాక కంటికి కనబడిన పగులు కూడా చిన్నదిగానే అనిపిస్తుంది.

రేవు అనుమతి కోసం ఎగరేసిన పసుపు జెండా దించేశారు, కస్టమ్స్, ఇమిగ్రేషన్ పనులు అయిపోయాయి కాబట్టి ముందు పడుకోండి. అలారం పెట్టొద్దు. రోజుల తరబడి వంతులవారీగా కాపలా కాసిన ఒళ్లు ఒక్క రాత్రికి తేరుకోదు. పడుకునే ముందు మాత్రం పడవ అడుగున నీళ్లు చేరాయేమో చూడు. చేరితే, డీజిల్ తెట్టు లేదనుకున్నాక, వేలు ముంచి నాలుక చివర తగిలించు. చప్పగా ఉంటే మంచినీళ్ల ట్యాంకు కారుతోంది, రేపు చూసుకోవచ్చు. ఉప్పగా ఉంటే స్పాంజితో పూర్తిగా తుడిచి, గంట ఆగి మళ్లీ చూడు. మళ్లీ ఊరిందా, నిద్ర మానుకుని అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాల్సిందే.

మర్నాడు అన్నిటినీ మంచినీళ్లతో కడగండి: తాళ్లు, తాళ్లు బిగించే వించీలు, పరుపుల గలీబులు, మీ బట్టలు. ఉప్పు ఉన్న గుడ్డ గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది, ఎంత ఎండలో వేసినా ఆరదు. ఒంటి మీద ఉప్పుపుండ్లకూ అదే మందు: మంచినీళ్ల స్నానం, వదులు నూలు బట్టలు.

ఇక మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే వైర్లు. మాస్ట్ ఎక్కేది పొద్దున్నే, ఎండ ముదరకముందే, రెండు తాళ్లు కట్టుకుని. వైరు ఫిట్టింగులోకి దూరే చోట దూదితో చుట్టూ తుడువు. ఒక్క పోగు తెగినా దూది పీచు దానికి చిక్కుకుంటుంది. తుప్పు చార కనిపిస్తే భూతద్దం పెట్టి చూడు. ఒక్క పోగే కదా అని వదలకు, ఆ వైరు మార్చాల్సిందే. తెరచాప కుట్లను బొటనవేలి గోరుతో గీకి చూడు. దారం పొడిపొడిగా రాలితే చాప బాగున్నా కుట్టు పోయినట్టే. ఎండకు మొదట చచ్చేది దారమే. చిరిగిన జానెడు కాదు, ఆ వరసంతా కుట్టించు.

చుక్కాని తిప్పేటప్పుడు కిర్రుమంటోందని రాశావు. నాకు అన్నిటికంటే ఆ మాటే టెన్షన్‌గా ఉంది. 2018 ఏప్రిల్‌లో మన నేవీ వాళ్ల తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి ఆరుగురు ఆడపిల్లలతో ప్రపంచం చుట్టి వస్తూ స్టీరింగ్ లోపంతోనే పోర్ట్ లూయిస్‌లో ఆగింది. మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఆ ఆరుగురిలో ఉన్నారు. బాగు చేసుకున్నాకే బయల్దేరి మే 21న గోవా చేరారు. అంత పడవ ఆగిందంటే నువ్వు ఆగడానికి మొహమాటం దేనికి? కేబుళ్లు, కప్పీలు, పిన్నులు అన్నీ విప్పించు. గ్రీజు పూసి మూసేస్తే చప్పుడు పోతుంది గానీ అరుగుదల పోదు.

ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) పని ఉంటే తెల్లవారుజామునే. ఆ వేడికి గిన్నెడు కలిపితే గిన్నెలోనే ఉడికి పొగలొస్తుంది. కొంచెం కొంచెంగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పరుచుకో. అట్టపెట్టెలు మాత్రం పడవలోకి రానివ్వకు, బొద్దింకల గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి. కూరగాయలు గట్టు మీదే కడిగి ఎక్కించు.

నీతో ఉన్న ఇద్దరికీ మాటా మాటా వచ్చిందన్నావు. ఇప్పుడే పంచాయతీ పెట్టకు. కడుపునిండా తిని, నాలుగు రాత్రులు నిద్రపోయాక కూర్చోబెట్టు. ఈలోపు ఒక్కొక్కరూ ఒంటరిగా ఊళ్లోకి వెళ్లిరండి. ఒకరి మొహం ఒకరు చూడని పూట అందరికీ కావాలి. నువ్వు ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లు, మన దేశపు కూలీలు ఓడ దిగిన చోటు, రేవు పక్కనే. కోరంగి నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి పోయిన మనవాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఉగాదికి దేశమంతా సెలవు.

నవంబరు నుంచి తుఫాన్ల కాలం, కాబట్టి మరీ కూర్చోవద్దు. కానీ రీయూనియన్ దాటాక దక్షిణాఫ్రికా ఒడ్డున అగుల్హాస్ ప్రవాహం ఉంది. దానికి ఎదురుగా నైరుతి గాలి లేస్తే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. మీ రిపేర్లు తట్టుకోవాల్సింది ఆ అలల్ని. చుక్కాని విప్పాక కప్పీల ఫొటోలు దగ్గర నుంచి తీసి పంపు, పిన్ను రంధ్రాలు కనబడేలా.

ఆశీస్సులతో,
మావయ్య