కాన్పు తర్వాత ఊరికే ఏడుపు రావడం జబ్బేనా?

మొదటి రెండు వారాల్లో అయితే చాలావరకు జబ్బు కాదు. ఆ తర్వాతా తగ్గకపోతే ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. మాయ బయటపడగానే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు రెండు మూడు రోజుల్లోనే బాగా పడిపోతాయి. నిద్రలేమి సరేసరి. అందుకే నాలుగో రోజున పాలిస్తూ పాలిస్తూనే బాలింతకు కళ్లనీళ్లు తిరుగుతాయి, గంటకల్లా మామూలుగా నవ్వుతుంది. నెల దాటినా, బిడ్డ నిద్రపోతున్నా తనకు కునుకు పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం వేరే సంగతి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకూడదు, అదే రోజు వెళ్లాలి.

‘బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేమిటి’ అని పెద్దవాళ్లు మందలిస్తారు, దిష్టి తీస్తారు. ఇది ప్రేమ తక్కువై వచ్చేది కాదు. మందులు వాడితే పాలు మాన్పించాలన్నదీ అపోహే. కుంగుబాటుకు వాడే సెర్ట్రలిన్ వంటి మందులు పాలిచ్చే తల్లులకూ డాక్టర్లు రాస్తారు.