ఒకే ఇంజిన్ ఉండే చిన్న శిక్షణ విమానాలకు ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి?

అమ్మాయిని పైలట్ శిక్షణకు పంపాలనుకుంటున్నామని, "ఉన్న ఒక్క ఇంజినూ గాలిలో ఆగిపోతే గతి ఏమిటి?" అని భయంగా ఉందని రాశారు. నేను బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్నాను. ఆ తర్వాత కొన్నేళ్లు సెస్నా 152, సెస్నా 172 విమానాల మీద ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. తల్లిదండ్రులందరూ మొదట అడిగేది ఇంజిన్ గురించే. నిజానికి భయపడవలసిన చోటు అది కాదు.

ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం ఉన్నపళంగా కూలిపోదు. సెస్నా 172 ఒక అడుగు ఎత్తు కోల్పోయేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు జారుతుంది. నేల నుంచి మూడు వేల అడుగుల పైన ఆగిందనుకుంటే, గాలి లేని రోజున ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని పొలందాకా వెళ్లవచ్చు. పైగా ఆ ఇంజిన్ మొండి ఘటం. ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి వేర్వేరుగా రెండు మాగ్నెటోలు (ఇంజిన్ తిరుగుడుతోనే నిప్పురవ్వకు కావలసిన కరెంటు పుట్టించే పరికరాలు) ఉంటాయి. ఒకటి చెడిపోతే రెండోది నడిపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది.

అయినా ఆగే సందర్భాలు లేకపోలేదు. వాటిలో చాలా వాటికి కారణం ఇంధనమే. సరిపడా లేకపోవడం ఒకటి, అందులో నీళ్లు కలవడం మరొకటి. వానాకాలంలో బయట నిలిపి ఉంచిన విమానానికి ట్యాంకు మూత రబ్బరు పాతబడిందంటే నీళ్లు దిగుతాయి. అవి పెట్రోలు కన్నా బరువు కనుక అడుగున చేరతాయి. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం చిన్న గాజు గొట్టంలోకి పట్టి చూస్తాం. ఇక్కడ కొత్తవాళ్లు ఒక విషయంలో బోల్తా పడతారు. నీళ్లు కొంచెం ఉంటే రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టం నిండా నీళ్లే వస్తే గీత ఉండదు, చూడటానికి నిక్షేపంగా ఉంటుంది! విమానం పెట్రోలుకు ఉండే నీలం రంగు ఉందా, పెట్రోలు వాసన వస్తోందా అని కూడా చూడాలి.

గాలిలో పెట్రోలు కలిపే భాగమైన కార్బురేటర్‌లో మంచు పేరుకోవడం ఇంకో కారణం. మన ఉక్కపోతలో మంచు ఎక్కడిదని విద్యార్థులు నవ్వుతారు. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. గాలిలో తేమ బాగా ఉంటే బయట 38 డిగ్రీలున్నా లోపల మంచు కట్టవచ్చు. ముఖ్యంగా పవర్ తగ్గించి కిందికి దిగుతున్నప్పుడు. వేడి గాలి పంపే మీట లాగితే మంచు కరిగి, ఆ నీళ్లు ఇంజిన్‌లోకి పోయి కాసేపు దడదడలాడుతుంది. బెదిరిపోయి మీటను వెనక్కి నెట్టేస్తే మొదటికే మోసం. ఆ దడదడను ఓర్చుకుని మీటను అలాగే ఉంచాలి.

ఇక అసలు సంగతి. లెక్కకు ఎక్కువగా జరిగేవి ల్యాండింగ్ ప్రమాదాలే. వేగం ఎక్కువై విమానం రన్‌వే మీద తేలిపోతుంది. విద్యార్థి ఓపిక పట్టలేక బలవంతంగా దింపితే ముందు చక్రం మొదట తగులుతుంది, విమానం గెంతుతుంది. ఆ గెంతును అదుపు చేయబోతే ఇంకా పెద్ద గెంతు. మూడో గెంతుకల్లా ముందు చక్రం విరగడమో ప్రొపెల్లర్ నేలకు తగలడమో జరుగుతుంది. ఖర్చు తడిసి మోపెడవుతుంది కానీ, వీటిలో ప్రాణాలు పోవడం అరుదు.

ప్రాణాలు తీసేది తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో తిరిగే మలుపు. రన్‌వేకు వరుసగా రావడానికి తిరిగే చివరి మలుపులో విమానం నేల నుంచి సుమారు ఐదు వందల అడుగుల ఎత్తులో ఉంటుంది. వెనుక నుంచి గాలి తోస్తుంటే రన్‌వే గీతను, అంటే రన్‌వేకు సూటిగా ఉండే ఊహా గీతను, దాటి అవతలికి వెళ్లిపోతుంది. గీత మీదికి తిరిగి రావాలని విద్యార్థికి ఆత్రం. కింద ఇళ్లు దగ్గరగా కనిపిస్తుంటే రెక్కను ఎక్కువ వంచడానికి భయం. దాంతో కాలితో లోపలి వైపు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) తొక్కుతాడు. ముక్కు కిందికి జారుతుంది, దాన్ని ఎత్తడానికి చేతిలోని కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. రెక్క మరింత వాలుతుంది, దాన్ని ఆపడానికి ఐలెరాన్‌ను (విమానాన్ని పక్కకు వంచే రెక్క చివరి పలక) ఎదురు వైపు తిప్పుతాడు. విడివిడిగా చూస్తే ఇందులో ప్రతి పనీ సబబుగానే అనిపిస్తుంది. అన్నీ కలిస్తే లోపలి రెక్క ముందుగా స్టాల్ అవుతుంది, అంటే గాలిలో నిలిపే శక్తిని కోల్పోతుంది. విమానం ఆ వైపుకు తిరగబడి స్పిన్‌లో పడుతుంది, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోతుంది. ఒక్క చుట్టు స్పిన్ నుంచి తేరుకోవడానికే దాదాపు వెయ్యి అడుగుల ఎత్తు కావాలి. అక్కడ ఉన్నది అందులో సగం.

వేగం చాలినంతే ఉందిగా అనుకోవడానికి కూడా లేదు. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీలు వంచి తిరిగితే స్టాల్ వేగం (దానికన్నా తగ్గితే రెక్క స్టాల్ అయ్యే వేగం) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలైతే 41 శాతం.

ఇందులో మా బోధన లోపం కూడా ఉందని నా అభిప్రాయం. స్టాల్ నేర్పేటప్పుడు మూడు నాలుగు వేల అడుగుల పైన ముక్కు ఆకాశంలోకి ఎత్తి, స్టాల్ రాబోతోందని హెచ్చరించే హారన్ మోగగానే సరిదిద్దిస్తాం. స్టాల్ అంటే ముక్కు పైకి ఉన్నప్పుడే వస్తుందని విద్యార్థి మనసులో ముద్ర పడిపోతుంది. చివరి మలుపులో ముక్కు కిందికే ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తున్నట్లు కంటికి తోచదు. ఆ మలుపును పై ఎత్తులో, రెక్కలూ రడ్డర్ అదే అమరికలో పెట్టి చూపించాలి. రన్‌వే గీత దాటిపోతే పవర్ పెంచి మళ్లీ చుట్టు తిరిగి రావడం నామోషీ కాదని నూరిపోయాలి.

టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగాలనుకోవడం కూడా ఈ కోవలోదే. ఎదురుగా తుమ్మచెట్లున్నా సరే, కొద్దిగా అటూ ఇటూ చూసుకుని ముందుకే దిగాలి. రెక్కలు సమంగా ఉండి, విమానం అదుపులో నేలను తాకితే బతికే అవకాశం చాలా ఎక్కువ.

మన వేసవి సంగతి వేరుగా చెప్పాలి. బేగంపేట సముద్ర మట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీలున్న మధ్యాహ్నం అక్కడి గాలి పలచబడి, విమానానికి దాదాపు 5,400 అడుగుల ఎత్తున ఉన్నట్లే ఉంటుంది. సెస్నా 152 ఇంజిన్ 110 హార్స్‌పవర్ మాత్రమే, అదీ సముద్ర మట్టం దగ్గర. తొంభై కిలోల మనుషులు ఇద్దరు ఎక్కి ట్యాంకులు నింపితే బరువు పరిమితిని తాకుతుంది. అప్పుడది నేల వదిలినా పైకి మెల్లగానే ఎక్కుతుంది. ఎదురుగా భవనాలు కనిపించి ముక్కు ఎత్తారో, వేగం ఇంకా పడిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామునే ఎగరమనేది అందుకే, బద్ధకస్తులైన విద్యార్థులకు ఎంత కష్టమైనా సరే.

వాతావరణం మీద ఒక పాత ప్రయోగం చాలు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి నడపడం రాని 20 మందికి మేఘంలోకి వెళ్లినట్లుగా బయటి దృశ్యం కనబడకుండా చేశారు. ఇరవై మందీ విమానం మీద అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. 2023 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని రీవా దగ్గర రాత్రివేళ శిక్షణ విమానం ఒకటి గుడి గోపురాన్ని తాకి కూలింది. శిక్షకుడు చనిపోయారు. చూపు సరిగా ఆననప్పుడు నేల ఎంత దగ్గరగా ఉందో తెలియదు. సొంత ఊరి మీద కిందుగా ఎగిరి బంధువులకు చేయి ఊపాలనే సరదా కూడా ఒకటుంది. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలే కనిపిస్తాయి.

పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు కదా అనే ధైర్యం కూడా సగమే నిజం. విద్యార్థి తనంతట తాను సరిచేసుకుంటాడేమోనని రెండు క్షణాలు ఎక్కువ ఆగడం, కంట్రోల్స్ ఎవరి చేతిలో ఉన్నాయో ఇద్దరికీ స్పష్టంగా లేకపోవడం, ఎండలో ఆరో విద్యార్థితో ఎగురుతూ అలసిపోయి ఉండటం, ఇవన్నీ జరిగేవే. "నా కంట్రోల్స్" అని ఒకరు, "మీ కంట్రోల్స్" అని మరొకరు పైకి అనుకోవాలనే నియమం ఊరికే పెట్టలేదు.

స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు విమానాల రంగు చూసి మురిసిపోకండి. ఉదయాన్నే వెళ్లి, విద్యార్థులు ట్యాంకు అడుగు నుంచి ఇంధనం పట్టి చూస్తున్నారో లేదో గమనించండి. ఒక ఇన్‌స్ట్రక్టర్ రోజుకు ఎన్ని గంటలు ఎగురుతున్నారో అడగండి. గాలివాన వల్ల ఈ మధ్య విద్యార్థులు ఒంటరిగా ఎగిరే సోలో ఫ్లయిట్లు ఎన్ని రద్దు చేశారో అడగండి. "మా దగ్గర ఏదీ రద్దు కాదండి, గంటలు త్వరగా పూర్తవుతాయి" అన్నారంటే ఇంకో స్కూలు చూసుకోండి. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలు రెండు నెలలు ఆలస్యంగా పూర్తయినా అమ్మాయికి పోయేదేమీ లేదు.