ఎదురింటావిడే పాల ప్యాకెట్లు తీస్తోంది, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. రెండు నెలలుగా తలుపుకి తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్లు పోతున్నాయి. పోయిన వారం 1,850 రూపాయల కొరియర్ పార్సిల్ కూడా పోయింది. అందరం వాచ్‌మన్‌నే అనుమానించాం. అసోసియేషన్ వాళ్లు అతని జీతంలో వెయ్యి కోశారు. తీరా కారిడార్ కెమెరా చూస్తే, తెల్లవారుజామున ప్యాకెట్లు, ఆ పార్సిల్ చున్నీ కింద పెట్టుకుని వెళ్తున్నది ఎదురు ఫ్లాట్ ఆవిడ! ఆ వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దామని మావారు అంటున్నారు. పదివేలు జరిమానా వేస్తామని అసోసియేషన్ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు మీవారి చేతిలో ఫోన్ తీసుకోండి. ఆ వీడియో గ్రూపులో పడితే పరువునష్టం కింద (నేరాలకి శిక్షలు చెప్పే చట్టం భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 356) ఆవిడే మీ మీద కేసు వేయొచ్చు. 'ఉన్నదే కదా పెట్టాం' అంటే సరిపోదు. అది నిజమని, నలుగురి మేలు కోసమే పెట్టామని కూడా మీరే కోర్టులో చూపించుకోవాలి.

ఇక దొంగతనం సంగతి. అదే చట్టం సెక్షన్ 303 ప్రకారం దురుద్దేశం ఉంటేనే దొంగతనం. స్నేహితుడి ఇంట్లోంచి చదువుకోవడానికి పుస్తకం తెచ్చుకుంటే, అతను వద్దనడులే అన్న నమ్మకంతో తెచ్చుకున్నట్టయితే అది దొంగతనం కాదని చట్టంలోనే ఉదాహరణ ఉంది. అడక్కుండా మీ కుండీలోంచి కరివేపాకు రెబ్బ తుంచుకోవడం ఆ బాపతే. రోజూ చున్నీ చాటున పాలు దాచుకుపోవడం మాత్రం వేరు.

విలువ 5,000 లోపు కాబట్టి ఈ సెక్షన్ కింద పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ రాయరు. ఫిర్యాదు రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు. ఆయన ఉత్తర్వు లేకుండా దర్యాప్తు ఉండదు. నివాస భవనంలో దొంగతనానికి సెక్షన్ 305 ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. కారిడార్ కూడా భవనంలో భాగమేనని వాదించొచ్చు గానీ, పాల ప్యాకెట్ల కోసం అంత దూరం వెళ్లమని నేనైతే చెప్పను. 303 కింద 5,000 లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవారు వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే పడే శిక్ష సమాజ సేవే.

జరిమానా మాట అసోసియేషన్ వాళ్లు మర్చిపోవాలి. నేరానికి శిక్ష వేసేది కోర్టు. 'పదివేలు కట్టు, లేకపోతే కేసు' అన్నారంటే బెదిరించి వసూలు చేశారని ఆవిడ ఎదురు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

కెమెరా రికార్డింగ్ కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది. ఈరోజే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, తేదీలు రాసి పెట్టుకోండి. కోర్టుకి వెళ్లాల్సివస్తే దాంతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఆ కాపీ ఏ కెమెరా రికార్డింగ్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. తర్వాత అసోసియేషన్‌లో ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్లింట్లోనే, తలుపు వేసుకుని, వీడియో చూపించండి. పార్సిల్ ఇచ్చేస్తే తీసుకున్నట్టు కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఇవ్వకపోతే అప్పుడు స్టేషన్‌కి వెళ్లండి.

మీరు అడగలేదు గానీ, వాచ్‌మన్ సంగతి? అనుమానం మీద జీతం కోసే హక్కు అసోసియేషన్‌కి లేదు. ఆ వెయ్యి ఈ నెల జీతంతో కలిపి ఇప్పించండి, అతని తప్పు లేదని మీటింగ్ మినిట్స్‌లో రాయించండి. ఆవిడ పేరు మాత్రం అందులో వద్దు.